కొండకి ఇస్త్రీ

"పోయినవాడి మీద నేరం వెయ్యడంలో ఉన్న సుఖం ఇంక దేన్లోనూ లేదు కదండీ?" అంది జిగురు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "వాడు లేచొచ్చి కాదనడు. వకీలుని పెట్టుకోడు. కనీసం మొహం కూడా మాడ్చుకోడు."

బల్లకి అవతల కూర్చున్న పెద్దమనిషి చొక్కా చేతుల అంచులు సవరించుకున్నాడు. కొండ మీద ఇళ్ల స్థలాలు వేసి అమ్మే కంపెనీకి ఆయన యజమాని. ఒంటి మీద బట్టల్లో గానీ, కింద పనిచేసేవాళ్లు తెచ్చిచ్చే మ్యాపుల్లో గానీ ఒక్క మడత కనబడినా ఒప్పుకోడు. అందుకే ఆఫీసంతా ఆయన్ని వెనకాల ఇస్త్రీ సార్ అనుకుంటుంది. ఎదురుగా మాత్రం ఎవరికీ నోరు పెగలదు.

జిగురుకి ఆ పేరు పోలీసు ఉద్యోగంలో ఉండగా వచ్చింది. పట్టుకుంటే వదలదని తోటివాళ్లు పెట్టారు. ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. అయితే ఈ కేసు ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. ఈ కంపెనీలో డ్రోన్ ఎగరేసి కొండ ఎత్తుపల్లాలు కొలిచే ఉద్యోగం చేసి, కొండ కూలిన రోజు మట్టికింద పోయినవాడు ఆమె ఒక్కగానొక్క తమ్ముడు.

కొండవాలు సగం జారి పనివాళ్ల షెడ్ల మీద పడింది. అది పడబోతోందని ముందుగా అరుచుకుంటూ పైకి పరిగెత్తింది వాడే. చాలామందిని బయటికి లాగాడు. ఆఖరి షెడ్డులో ఉన్నవాళ్ల కోసం మళ్లీ లోపలికెళ్లి ఇంక రాలేదు. ఇప్పుడు విచారణ రిపోర్టు తయారైంది. 'డ్రోన్ ఆపరేటర్ సర్వేలో పగులు నమోదు కాలేదు, అతని నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణం' అని అందులో రాశారు. సాయంత్రం నాలుగింటికి దాని మీద సంతకం పడుతుంది. ఆ తర్వాత ఎన్ని తరాలు గడిచినా, అంతమందిని చంపినవాడు జిగురు తమ్ముడే అవుతాడు.

ఆమెకి ఈ పూట న్యాయం అక్కర్లేదు. ఎదురుగా ఉన్న ఈ మనిషి చొక్కా నలగాలి. ఆయన మోకాళ్ల మీద పడి ఏడుస్తుంటే తను నిలబడి చూడాలి. పదిరోజులుగా ఆమె అన్నం తింటున్నది ఆ ఒక్క కోరిక మీదే.

"మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా," అన్నాడు ఇస్త్రీ సార్ మెత్తగా. "కానీ డేటా అబద్ధం చెప్పదు. మీ తమ్ముడు తెచ్చిన ఒరిజినల్ ఫైలు ఇదిగో. విచారణాధికారికి ఇచ్చింది కూడా ఇదే. ఎక్కడైనా పగులుందేమో మీరే చూడండి."

ఆయన లాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పాడు. కొండవాలు బూడిద రంగులో, పాలమీగడలా నున్నగా కనబడుతోంది.

"నాకు బొమ్మలు తెలియవు. దీని వెనకాల అంకెలుంటాయట కదా, అవి చూపించండి."

ఆయన ఒక మూల నొక్కాడు. బొమ్మ పోయి గడులు వచ్చాయి. కొండని చదరంగం బల్లలాగా చిన్నచిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో ఆ చోటు ఎంత ఎత్తుందో ఒక అంకె వేసి ఉంది. 112.34777. పక్కన 112.36111. దానికింద 112.35444.

జిగురు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మా తమ్ముడి మిషన్ ఎత్తుని ఎంతవరకు కొలుస్తుందండీ?"

"సెంటీమీటరు దాకా," ఆయన గొంతులో గర్వం పలికింది. "ఈ చుట్టుపక్కల అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు."

"సెంటీమీటరంటే చుక్క తర్వాత రెండంకెలు."

"అవును."

"మరి ఈ తోకలేంటి? ఏడు ఏడు ఏడు. ఒకటి ఒకటి ఒకటి. నాలుగు నాలుగు నాలుగు. మిషన్ కొలవలేని అంకెలు మీ ఒరిజినల్ ఫైల్లోకి ఎలా దూరాయి?"

"అది కంప్యూటర్ లెక్కలండీ. మీకు చెప్పినా..."

"నాకు చెప్పినా అర్థం కాదు, అంతేగా? చిన్నప్పుడు మా అక్కాతమ్ముళ్లిద్దరికీ లెక్కల్లో ఒకటే ఏడుపుండేది. ఏ అంకెనైనా తొమ్మిదితో భాగిస్తే చివర తెగి చచ్చేది కాదు. ఒకే అంకె మళ్లీమళ్లీ వస్తూనే ఉండేది. పలక నిండిపోయేది గానీ లెక్క అయ్యేది కాదు." ఆమె లాప్‌టాప్ మూతని వేలితో తట్టింది. "ఇది కొలిచిన అంకె కాదు. ఎవరో తొమ్మిది అంకెలు కలిపి, తొమ్మిదితో భాగించి పెట్టినది. ఎవరు? ఎందుకు?"

ఇస్త్రీ సార్ నీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

"దాన్ని స్మూతింగ్ అంటారండీ. మధ్యలో ఒక గడి, దాని చుట్టూ ఎనిమిది. తొమ్మిదింటి సగటు తీసి మధ్య గడిలో పెడతాం. అలా ప్రతి గడికీ చేసుకుంటూ పోతాం. డ్రోన్ కొలతల్లో చిన్నచిన్న గరుకులొస్తాయి, గడ్డిపొదలు, రాళ్లు. ఆ ఫిల్టర్ వేస్తే అవన్నీ సర్దుకుంటాయి. మ్యాపు చూడ్డానికి బాగుంటుంది. ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ చేసేదే."

"పగులు కూడా సర్దుకుంటుందా?"

"సన్నటిదైతే... మసకబారచ్చు."

"అంటే ఇది ఒరిజినల్ కాదు. ఇస్త్రీ చేసినది. ఒరిజినల్ అని అబద్ధమాడి విచారణకి ఇచ్చారు."

పెద్దమనిషి వెనక్కి వాలాడు. అంతదాకా నీళ్లు నమిలినవాడి పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది. అది చూసి జిగురు ఒళ్లు మండిపోయింది.

"పొరపాటున ఫైలు మారి ఉండొచ్చు. కానీ ఒక్క సంగతి చెప్పనా? మీకే మంచిది కాదని ఇన్నాళ్లూ దాచాను. ఆ ఫిల్టర్ వేసింది నేను కాదు. నాకసలు మౌస్ పట్టుకోవడమే సరిగా రాదు. వేసింది మ్యాపుల గదిలో పనిచేసే మీ మరదలు. మీ తమ్ముడి భార్య."

తలుపు తోసుకుని లోపలికొచ్చినవాడు ఆ ఆఖరి మాట విన్నాడు. గొడుగు మూలన ఆనించి, తడిసిన బూట్లు చప్పుడు చేసుకుంటూ వచ్చి నవ్వాడు.

"వింటున్నాను, వింటున్నాను. ఆపకండి."

ఆయనే విచారణాధికారి. ఫైలు చదవకముందే సంతకం పెట్టగల సమర్థుడు కనుక డిపార్ట్‌మెంట్‌లో ఆయన పేరు సంతకం. ఒకప్పుడు జిగురు కింద పనిచేశాడు. వేలిముద్రలు ఎలా తియ్యాలో ఆమె దగ్గరే నేర్చుకుని, ఆమె ఉద్యోగం ఊడినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది ఆయనే.

"అక్కా..." అనబోయి సర్దుకున్నాడు. "మేడం. నాలుగింటికి నాకు పనుంది. మీరు నా సాక్షుల్ని బెదిరిస్తున్నారని కబురొచ్చింది."

"నీ సాక్షి నీకు మారు ఫైలు ఇచ్చాడు. నువ్వు మడత విప్పకుండానే జేబులో పెట్టుకున్నావు. ముందు ఆ సంగతి రాయి నీ రిపోర్టులో."

"రాస్తాను. స్మూతింగ్ చేసింది మీ మరదలని కూడా రాస్తాను. డేటా తెచ్చింది తమ్ముడు, పాడుచేసింది మరదలు, గోల చేస్తున్నది అక్క. ఇంటిల్లిపాదీ ఒకే రిపోర్టులోకి వస్తారు. నాకు కాగితం కలిసొస్తుంది."

"నోరు జాగ్రత్త."

"మీరు జాగ్రత్త, మేడం. రోజూ చేసే పని చేస్తే నేరమెలా అవుతుంది? అక్కడ పగులుందని తెలిసి కావాలని దాచితేనే నేరం. తెలుసని రుజువు చెయ్యండి. ఇప్పుడు రెండున్నర." ఆయన గడియారం చూపించాడు. "గంటన్నర టైముంది. కానివ్వండి."

జిగురు లేచింది. "మ్యాపుల గది ఎక్కడ? ఇద్దరూ నాతో రండి. తర్వాత చూడలేదనడానికి వీల్లేకుండా."

మ్యాపుల గదిలో ఒక్క మనిషే ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటర్, గోడ నిండా కొండ తాలూకు లేఅవుట్ కాగితం, కిటికీ మీద పొద్దుటినుంచీ ఆగకుండా కొడుతున్న వాన. మరదలు తలెత్తి చూసి లేచి నిలబడింది.

జిగురుకి ఆ పిల్ల మీద కోపంగానే ఉంది. మొగుడు పోయిన వారానికల్లా వచ్చి, చంపినవాడి ఆఫీసులోనే కుర్చీలో కూర్చుంది. అడిగితే 'ఇంట్లో ఉండలేకపోతున్నాను వదినా' అని ఒక్క ముక్క అంది. ఆ ముక్క జిగురుకి గొంతు దిగలేదు.

"అమ్మాయ్, ఆ కొండకి స్మూతింగ్ చేసింది నువ్వేనా?"

"నేనే వదినా."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"మళ్లీ బయటికి తీయడానికి వీలవుతుందా?"

మరదలు యజమాని వైపు చూడలేదు. సంతకం వైపూ చూడలేదు. "ఒక్కసారికి పూర్తిగా పోదు వదినా. మసకబారుతుందంతే. దీనికి ఎదురు ఫిల్టర్ ఒకటుంది, అంచులది. అది సగటు తియ్యదు. మధ్య గడికీ చుట్టూ ఉన్న గడులకీ ఎక్కడ తేడా ఉంటే అక్కడ ఆ తేడాని ఇంకా పెంచి చూపిస్తుంది."

"వెయ్యి."

"ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ," అన్నాడు ఇస్త్రీ సార్.

"వెయ్యమన్నానా!"

మౌస్ రెండుసార్లు నొక్కిన చప్పుడైంది. నున్నటి కొండ నల్లబడిపోయింది. చూస్తుండగానే ఆ నలుపులో తెల్లటి గీత ఒకటి తేలింది. వాలు పైభాగాన మొదలై కిందికి దిగి, ఒకచోట మోచేయిలా వంగి, మళ్లీ ఇంకోచోట వెనక్కి తిరిగి, పనివాళ్ల షెడ్లకి పైన ఆగింది. సర్వే చేసిన రోజుకే కొండ అక్కడ చీలి ఉంది.

జిగురు ఆ గీత పొడుగునా వేలితో తడిమింది. తమ్ముడు సరిగ్గానే కొలిచాడు. వెధవ, ఎంత బాగా కొలిచాడు!

"గీత ఉంది, ఒప్పుకుంటాను," అన్నాడు సంతకం, ముందుకు వంగి చూస్తూ. "కానీ ఇది ఇప్పుడు కనబడింది. అప్పుడు ఈయన చూశారని ఎవరు చెప్పారు?"

జిగురు గోడ దగ్గరికెళ్లి లేఅవుట్ ముందు నిలబడింది. రోడ్లు, ప్లాట్లు, నీళ్ల ట్యాంకు అన్నీ అందులో ఉన్నాయి. ఒక మూలన యజమాని కొత్తగా కట్టించుకున్న గెస్ట్ హౌస్, దాని చుట్టూ ఎర్ర గీతతో కంచె. కొండ మీద గీసిన గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. ఎర్రది ఒక్కటే వంకర తిరిగింది.

"ఈ కంచె ఎప్పుడు వేశారండీ?"

"ఏమో, గుర్తు లేదు."

"కాగితం మీద తేదీ ఉంది. సర్వే సోమవారం. ఈ గీత గురువారం గీశారు. కొండ శనివారం పడింది." ఆమె వెనక్కి తిరిగింది. "అమ్మాయ్, ఈ లేఅవుట్ నీ కంప్యూటర్లో ఉంటుందిగా? తీసి ఆ పగులు మీద పరుచు."

తెల్ల గీత మీద ఎర్ర గీత వచ్చి కూర్చుంది. పగులు వంగిన ప్రతిచోటా కంచె వంగింది. పగులు వెనక్కి తిరిగిన ప్రతిచోటా కంచె వెనక్కి తిరిగింది. రెండింటి మధ్యా ఒక్క గది పట్టేంత ఎడం మాత్రం వదిలారు. కంచెకి ఇటు గెస్ట్ హౌస్ ఉంది. అటు పనివాళ్ల షెడ్లు.

"అన్ని గీతలూ స్కేలు పెట్టి గీసే మనిషి ఇదొక్కటీ ఎందుకు వంకర గీశాడో నాకు చెప్పవయ్యా," అంది జిగురు సంతకంతో. "పగులు కనబడనివాడు దాన్ని పక్కనపెట్టుకుని కంచె ఎలా వేశాడు? తన ఇల్లు పగులుకి ఇవతల ఉండేలా చూసుకున్నాడు. షెడ్లలో వాళ్లకి మాట మాత్రం చెప్పలేదు. చెబితే పని ఆగిపోతుంది, ప్లాట్లు కొనేవాళ్లు బెదిరిపోతారు. మ్యాపు నున్నగా చేయించి ఊరుకున్నాడు."

"కంచె వంకరగా వేసినందుకు ఎవర్నీ ఉరి తియ్యరు మేడం," అన్నాడు సంతకం. కానీ ఆ మాటలో పస లేదు. ఆయన కళ్లు స్క్రీన్ని వదలడం లేదు.

ఇస్త్రీ సార్ నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోబోయిన చేతిలో రుమాలు నలిగి ఉండలా అయింది. అది చూస్తుంటే జిగురుకి పదిరోజుల తర్వాత మొదటిసారి కడుపు చల్లబడింది. ఇంకా నలగాలి. కుళ్లి కుళ్లి చావాలి వీడు.

"ఇదంతా కట్టుకథ!" పెద్దమనిషి గొంతు పెంచాడు. "నాకు కొండ సంగతి తెలిసి ఉంటే, ఇంతమంది పోయాక కూడా అక్కడే ఉంటానా? రోజూ భోజనం చేసి ఆ గెస్ట్ హౌస్‌లోనే గంటసేపు పడుకుంటున్నాను. ప్రమాదం తర్వాత మిగిలిన కొండకి మళ్లీ సర్వే చేయించాం. ఈ అమ్మాయే మ్యాపు తయారుచేసింది. గెస్ట్ హౌస్ వైపు వెంట్రుకవాసి పగులు కూడా లేదు. చూపించమ్మా, చూపించు!"

మరదలు కదల్లేదు. ఆయనే వంగి, మౌస్ రాదన్న మనిషి చకచకా రెండు నొక్కులతో కొత్త ఫైలు తెరిచాడు. గెస్ట్ హౌస్, దాని వెనకాల కొండ, అంతా తడిపి చేత్తో నిమిరినంత నున్నగా ఉంది.

"అంకెలు," అంది జిగురు, అలవాటు కొద్దీ.

గడులు వచ్చాయి. ఆమె మొదటి వరస చూసింది. రెండోది చూసింది. 164.20581. 164.20637. 164.20694. ఇక్కడ తోకలు ఒకే అంకెతో లేవు. ఒకసారి సగటు తీస్తే ఏడు ఏడు ఏడు అని తిన్నగా వస్తుంది. ఇది సగటుకి సగటు, దానికి మళ్లీ సగటు. తీసి తీసి అరగదీశారు.

ఆమె తలెత్తి మరదలి మొహంలోకి చూసింది. మరదలు రెప్ప వెయ్యకుండా చూసింది.

"గొంతు ఎండిపోతోంది. నీళ్లెక్కడ అమ్మాయ్?" అంది జిగురు, ఎంత మామూలుగా అనగలదో అంత మామూలుగా.

ఇద్దరూ వరండాలో నీళ్ల క్యాన్ దగ్గరికెళ్లారు. గ్లాసు నిండి పొర్లుతున్నా జిగురు చూసుకోలేదు.

"ఎన్నిసార్లు వేశావే?"

"లెక్కపెట్టలేదు. గీత పోయేదాకా వేశాను."

"అంటే అక్కడ కూడా..."

"గెస్ట్ హౌస్ వెనకాలే వదినా. ముందు భాగం జారిపోయాక వెనక కొండకి ఆసరా పోయింది. కొత్తగా చీలింది. మొదటి దానికంటే వెడల్పు." మరదలి గొంతు వణకలేదు. "మొదటి సర్వేలో పాత పగులు వెంట్రుకలా కనబడితే నేనే సార్‌ని పిలిచి చూపించాను. వంగి చూశాడు. ముక్కు స్క్రీన్‌కి తగిలేంత దగ్గరగా చూశాడు. 'గరుకమ్మా, తీసెయ్' అన్నాడు. రోజూ అనే మాటే. నొక్కాను. శనివారం అన్నం తింటూ మీ తమ్ముడికి చెబితే కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచారు. 'అది గరుకు కాదే, పగులు' అని మెట్లు దిగుతూ అరిచారు. అవే ఆఖరి మాటలు."

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమయ్యేది? నొక్కింది నా వేలు. రిపోర్టులో నన్ను రాసేవాళ్లు, ఆయన తప్పించుకునేవాడు. అందుకే తిరిగొచ్చాను వదినా. ఆయన మ్యాపు తప్ప ఇంకేదీ నమ్మడు. ఆ మ్యాపు నా చేతిలో ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఆ కొండకింద వెళ్లి పడుకుంటాడు. వాన గట్టిగా పడ్డ రోజున..." ఆమె కిటికీ వైపు చూసింది. "ఇవాళ మీరు రాకపోతే ఈపాటికి అక్కడే ఉండేవాడు."

జిగురు ఇరవై ఏళ్లు ఖాకీ బట్టలు వేసుకున్న మనిషి. ఇది హత్య అని ఆమెకి చిన్నపిల్ల చెప్పక్కర్లేదు. కానీ లోపల ఎక్కడో ఎవరో ఈల వేసినంత సంతోషం కలిగింది. దాన్ని ఆమె దాచుకోలేదు, తననుంచి తను దాచుకునే అలవాటు ఆమెకి లేదు. రిపోర్టు, కోర్టు, వాయిదా, అప్పీలు... ఎన్నేళ్లు? ఈ పిల్ల చేసినదానికి వాన చాలు. తను చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం.

"మొహం కడుక్కుని రా," అంది. "నేనేమీ అడగలేదు, నువ్వేమీ చెప్పలేదు."

లోపలికొచ్చేసరికి సంతకం రిపోర్టులో మొదటి పేజీ కొట్టేసి కూర్చున్నాడు. పెద్దమనిషి కాలరు బొత్తం ఊడదీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కంచె సంగతి వదలలేను మేడం," సంతకం గొణిగాడు. "రిపోర్టు ఆపుతున్నాను. మీ తమ్ముడి పేరు తీసేస్తాను. సంతోషమేనా?"

"ఇవాళ్టికి చాలు. సార్ బాగా అలిసిపోయారు," అంది జిగురు, తేనె పూసిన గొంతుతో. "వెళ్లి పడుకోండి సార్. మీ గెస్ట్ హౌస్‌లో ప్రశాంతంగా ఉంటుంది. మిగతావి రేపు మాట్లాడుకుందాం."

"అక్కడ ఇప్పుడు చోటెక్కడిది?" అన్నాడు ఇస్త్రీ సార్ విసుగ్గా. "ఈయన పుణ్యమా అని ఇల్లంతా సంత చేసేశారు."

"ఏమిటి?"

"మీకు చెప్పలేదు కదూ," అన్నాడు సంతకం. "బతికి బయటపడ్డ పనివాళ్లు గుడారాల్లో ఉన్నారుగా. పొద్దున్నుంచీ ఒకటే వాన. పిల్లలు తడిసిపోతున్నారని అందర్నీ గెస్ట్ హౌస్‌కి చేర్పించాను. మ్యాపు క్లీన్‌గా ఉంది, ఇంకేం భయం? మీ తమ్ముడు బయటికి లాగినవాళ్లే అందరూ."

తలుపు దగ్గర ఏదో పడింది. మరదలు గుమ్మం పట్టుకుని అలాగే కింద కూలబడింది.

జిగురు సంతకం మీదికి ఉరికింది. "ఫోన్ చెయ్యి! ఇప్పుడే చెయ్యి! అందర్నీ బయటికి రమ్మను!"

"ఏమైంది మేడం, మీకు..."

ఆయన మాట పూర్తికాకుండానే చేతిలో ఫోన్ మోగింది. అవతల గెస్ట్ హౌస్ దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబులు. అందరికీ వినబడేలా జిగురు దాన్ని లాక్కుని బల్లమీద పెట్టింది.

"సార్, చిన్న ఇబ్బంది. పొద్దున బాగానే ఉన్న తలుపులు ఇప్పుడు పట్టేస్తున్నాయి సార్. వెనక గది తలుపు అసలు రావట్లేదు. గోడకీ గుమ్మానికీ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. వడ్రంగి ఎవరినైనా పంపుతారా?"

కొండల మీద ఇళ్లు కట్టే మనిషికి తలుపు ఎందుకు పట్టేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఇస్త్రీ సార్ మొహం పాలిపోయింది. "ఇల్లు కదులుతోంది," అన్నాడు. "రోజూ... నేను రోజూ అక్కడ పడుకుంటున్నాను."

"అందర్నీ తీసుకుని బయటికి పరిగెత్తు!" జిగురు ఫోన్లోకి అరిచింది.

"ఏ వైపుకండీ? ముందు వైపంతా పాత మట్టి జారిపోయి గోయి ఉంది. కుడివైపు వెళ్లనా, ఎడమవైపా? పిల్లలున్నారు, ముసలాళ్లున్నారు. ఒకసారి వెళితే మళ్లీ తిరిగొచ్చే వీల్లేదు."

జిగురు మరదలిని భుజాలు పట్టుకుని లేపి కుర్చీలో కుదేసింది. "పగులు వెనకనుంచి ఏ పక్కకి దిగింది? అంచుల ఫిల్టర్ వెయ్యి, చూపించు!"

మరదలు నొక్కింది. స్క్రీన్ నల్లబడింది. ఏ గీతా తేలలేదు. మళ్లీ నొక్కింది. కొండ ఈ మూలనుంచి ఆ మూలదాకా ఒకే నలుపు.

"నున్నగా అయిపోయింది వదినా. ఇంక పెంచడానికి తేడా ఎక్కడా మిగల్లేదు."

"అసలు ఫైలు?"

"ఎవరికీ దొరక్కూడదని చెరిపేశాను. డ్రోన్ కార్డు కూడా."

"గుర్తు లేదా? నీ కళ్లతో చూశావుగా!"

"ఒక్కోసారి నొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం పోతుంటే చూశాను... చివరికి కుడివైపు మిగిలిందో, ఎడమవైపు మిగిలిందో..." ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని గాలిలో వేలితో ఏదో గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది.

అవతల పిల్లల గోల వినబడుతోంది. ఏదో గాజు పగిలింది. ఫోన్ చేతులు మారింది. ఒక ఆడమనిషి ఆయాసపడుతూ మాట్లాడింది.

"అయ్యా, ఎవరైనా తొందరగా చెప్పండయ్యా. నేల గుర్రుమంటోంది."

"ఒక్క నిమిషం... ఒక్క నిమిషం ఉండమ్మా," అంది మరదలు.

అవతల గొంతు టక్కున మారింది. "ఎవరూ? డ్రోన్ బాబు భార్యవా తల్లీ? నీ గొంతు నాకు తెలుసు. ఆ రోజు నీ మొగుడు ఎటు చెయ్యి చూపిస్తే అటు పడి పరిగెత్తాం, అందుకే నా పిల్లలు బతికారు. ఈ ఖాకీ ఆయన మాట నేను నమ్మను. నువ్వు చెప్పు. కుడికా, ఎడమకా? నువ్వు ఎటంటే అందరం అటే వస్తాం."